డాన్యూబ్ అవతలి నేల

అడెపు సాంబయ్య మద్దిగూడకు పోయింది 1953 జూన్‌లో, మొదటి వాన పడిన మూడో రోజున. సిరిసిల్ల నుంచి నిర్మల్ దాకా బస్సులు మారుకుంటూ వచ్చి, అక్కడ కలప లారీ ఎక్కి, ఉట్నూరు గుట్టల దగ్గర దిగి, చివరి ఆరు మైళ్ళు నడిచాడు. చేతిలో ఒక ట్రంకుపెట్టె. అందులో రెండు ధోవతులు, సర్కారు ఇచ్చిన హాజరుపట్టీ, ఉర్దూలో అచ్చయిన యూనాన్, అంటే గ్రీకు దేశపు చరిత్ర పుస్తకం.

మద్దిగూడ గోండుల ఊరు. ముప్పై ఇళ్ళకు మించి లేవు. బడి మంజూరైంది కానీ బడికి కొట్టం లేదు. చనిపోయిన పటేల్ భార్య సిడాం సక్కుబాయి తన పశువుల కొట్టంలో సగం ఖాళీ చేసి ఇచ్చింది. మిగతా సగంలో ఎడ్లు ఉండేవి. సాంబయ్య పడక కూడా అక్కడే. తిండి సక్కుబాయి ఇంట్లోనే. ఆమెకు అరవై దాటి ఉంటాయి. కొడుకు జ్వరంతో పోయాడు. ఆమె, కోడలు మంకుబాయి కలిసి పదహారు ఎకరాలు సాగు చేసుకునేవాళ్ళు. ఆ భూమికి నిజాం కాలంలోనే సర్కారు పట్టా ఇచ్చింది. ఆ కాగితాన్ని ఆమె వెదురు గొట్టంలో పెట్టి ఇంటి వాసానికి వేలాడదీసింది.

సాంబయ్యకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. పద్మశాలీల ఇంట్లో పుట్టి, కరీంనగర్‌లో ఉర్దూ మీడియంలో చదివాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్న రాయమల్లు మగ్గం మీద కూర్చుని తమ్ముణ్ణి చదివించాడు. 1948 సెప్టెంబరులో, ఒకే ఒక్క వారంలో నిజాం రాజ్యం పడిపోవడం సాంబయ్య కళ్ళారా చూశాడు. అప్పటి నుంచి అతనికి ఒక ఆలోచన పట్టుకుంది. ఒక రోజు ముందో వెనకో ఏదైనా ఇంకోలా జరిగి ఉంటే మనుషుల బతుకులు ఎటు పోయేవి? ఆ రోజుల్లో తన ఊళ్ళో జరిగిన దాని గురించి రాయడానికి ధైర్యం చాలలేదు. చాలా దూరపు దేశాన్ని, చాలా పాత కాలాన్ని ఎంచుకున్నాడు.

ఉర్దూ పుస్తకంలో ఒక కథ అతని మనసులో నిలిచిపోయింది. సికందర్, అంటే అలెగ్జాండర్ చనిపోయాక సేనానులు రాజ్యాన్ని ముక్కలుగా పంచుకున్నారు. థ్రేస్ దేశం లీసీమాఖోస్ అనేవాడి వాటాకు వచ్చింది. సాంబయ్య అతనికి తెలుగులో లిసిమాకుడని పేరు పెట్టాడు. తన వాటా చాలక లిసిమాకుడు డాన్యూబ్ నది దాటి, గెతులనే థ్రేస్ జాతివాళ్ళ నేల మీదికి సైన్యంతో పోయాడు. నీళ్ళు దొరకక, తిండి దొరకక సైన్యం చిక్కిపోయింది. రాజు గెతుల రాజుకు బందీగా పట్టుబడ్డాడు.

నిజంగా జరిగింది అది. సాంబయ్య రాస్తున్న పుస్తకంలో మాత్రం రాజు పట్టుబడడు. సరిగ్గా ఆ రోజు పెద్ద వాన పడుతుంది. సైన్యం దప్పిక తీర్చుకుంటుంది. లిసిమాకుడు గెలుస్తాడు. నది అవతల రాళ్ళ బాటలు వేయిస్తాడు, కోటలు కట్టిస్తాడు, సముద్రం దాకా రాజ్యం పరుస్తాడు. ఆ రాజ్యం తూర్పుకు పెరిగి, రోముకు ఎదురు నిలిచి, ప్రపంచం తీరే మారిపోతుంది. ఇదంతా నాలుగు వందల పేజీల పుస్తకం కావాలని సాంబయ్య ఆశ.

ఆదివారాలు బడి ఉండదు కనుక పొద్దంతా రాసేవాడు. రాసిన వాక్యం నోటితో చదువుకుని చూసుకోవడం అతని అలవాటు. కొట్టం అవతలి సగంలో ఎడ్లకు మేత వేస్తూ సక్కుబాయి ఒకరోజు అడిగింది.

“గురుజీ, ఎవల్తోని మాట్లాడుతున్నవు?”

“ఎవల్తోని గాదవ్వా. ఒక రాజు కథ రాస్తున్న.”

“ఏ ఊరి రాజు?”

అతను చెప్పాడు. గోండి, మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడే ఆ ముసలామెకు అర్థమయ్యేలా తేలిక మాటల్లో చెప్పాడు. ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుని విన్నది. తరువాతి ఆదివారం తానే వచ్చి కూర్చుంది. ఆ వానాకాలమంతా అట్లాగే గడిచింది. ఆమె అడిగే ప్రశ్నలు వేరుగా ఉండేవి. యుద్ధం గురించి అడగదు. గెతులు ఏం పంట వేస్తారు, నేల ఎద్దులతో దున్నుతారా గుర్రాలతోనా, చచ్చిపోయినవాళ్ళను ఎక్కడ పాతిపెడతారు అని అడిగేది. పుస్తకంలో అవేవీ లేవు. సాంబయ్య తనకు తోచింది చెప్పేవాడు. అది కల్పించి చెప్పిన మాటేనని ఆమెకు తెలిసిపోయేది.

తొమ్మిదో ప్రకరణం పూర్తయిన రోజున, నది ఒడ్డున కట్టిన కొత్త నగరాన్ని అతను ఎంతో సంబరంగా చదివి వినిపించాడు. నాలుగు వీధులు, పాలరాతి మెట్లు, పడవల రేవు. సక్కుబాయి అంతా విని అడిగింది.

“గా ఊరు కట్టినకాడ ఇంతకుముందు ఎవలున్నరు?”

“గెతులే ఉన్నరు.”

“గిప్పుడు యాడికి వొయ్యిండ్రు?”

“ఎక్కడికి వోలేదవ్వా. రాజ్యంల కలిసిపోయిండ్రు. యూనాన్ భాష నేర్సుకున్నరు. సైన్యంల చేరిండ్రు.”

“గట్లనా” అని ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ జవాబు రాసింది తనే అయినా ఆ రోజు సాంబయ్యకు పదో ప్రకరణం మొదలుపెట్టబుద్ధి కాలేదు. అయినా మరుసటి వారం మొదలుపెట్టాడు.

1955 దసరా దాటాక రాయమల్లు వచ్చాడు. సిరిసిల్లలో నూలు దొరకక మగ్గాలు ఆగి ఏడాదవుతోంది. దొరికినా నేసిన చీరెకు కొనేవాడు లేడు. అన్నను చూసి సాంబయ్య గుర్తుపట్టలేకపోయాడు. చెంపలు లోపలికి పోయి, మెడ నరాలు తేలి ఉన్నాయి. సక్కుబాయి వేడి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. రాయమల్లు నాలుగు రొట్టెలు తిని, ఐదో దానికి చెయ్యి చాపబోయి ఆగాడు. ఆమె గమనించి తానే వేసింది.

వారం రోజులు ఉన్నాడు. పొద్దున్నే లేచి చేన్ల గట్ల మీద తిరిగేవాడు. నల్లరేగడి మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూసేవాడు. సాయంత్రాలు తమ్ముడు రాసింది విన్నాడు. మెచ్చుకున్నాడు కూడా.

“మంచిగ రాస్తున్నవు తమ్మీ. రాజంటే గట్ల ఉండాలె.”

వెళ్ళే ముందు రోజు సక్కుబాయినే నేరుగా అడిగాడు. వాగు పక్కన పడావు పడి ఉన్న మూడెకరాలు, పంటలో వాటా ఇచ్చేటట్టు, పాలుకు చేసుకుంటానన్నాడు.

“నువ్వు గురుజీకి సొంత అన్నవు గద. చేస్కో” అన్నది ఆమె.

రాయమల్లు పెళ్ళాం పిల్లలను తీసుకొచ్చి వాగు పక్కన గుడిసె వేశాడు. ఎన్నడూ నాగలి పట్టని చేతులు మొదటి నెలలోనే బొబ్బలెక్కాయి. మంకుబాయి అతనికి నాగలి ఎట్లా వంచి పట్టాలో చూపించింది. వెనకజొన్న బాగానే పండింది. సాంబయ్యకు ఆ రోజుల్లో మనసు నిండుగా ఉండేది. తనను చదివించిన అన్నకు తానొక దారి చూపగలిగానని అనుకున్నాడు.

1956 మార్చిలో బడి తనిఖీకి ఇన్స్పెక్టర్ వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ ఉదయం సాంబయ్య కొట్టం ఊడ్పించి, హాజరుపట్టీ సరిచేసుకుంటూ హడావిడిగా ఉన్నాడు. రాయమల్లు పట్వారీని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో స్టాంపు కాగితం.

“పాలుకు ఇచ్చినట్టు కాయిదం తమ్మీ. రేపు ఎవలన్న అడుగుతే సూపియ్యాలె గద. జర సాచ్చి సంతకం వెట్టు.”

కాగితం ఉర్దూలో ఉంది. ఆ ఊళ్ళో ఉర్దూ చదవగలిగింది సాంబయ్య ఒక్కడే. పైనున్న ఊరి పేరు, తారీఖు చూశాడు. బయట ఇన్స్పెక్టర్ బండి ఎడ్ల గంటలు వినపడుతున్నాయి. నిలబడే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

సక్కుబాయి వాకిట్లో ఉంది. పట్వారీ కాగితం చాపితే ఆమె మొదట చెయ్యి ఇవ్వలేదు. రాయమల్లు తమ్ముడి సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. అప్పుడు ఆమె బొటనవేలు సిరాలో ముంచింది.

జూన్‌లో తొలకరి పడగానే రాయమల్లు నాగలి వాగు గట్టు దాటింది. మంకుబాయి పరుగున బడికి వచ్చి, మీ అన్న మా పెద్దచేను దున్నుతున్నాడని చెప్పింది. సాంబయ్య పిల్లలను వదిలి చేనుకు పోయాడు. అన్న ఎడ్లను ఆపలేదు. సాలు చివరి దాకా పోయి తిరిగి వచ్చి, అప్పుడు ఆపాడు.

“అన్నా, ఇది మనకిచ్చిన నేల గాదు.”

“కాయిదం ఉన్నది.”

“ఏం కాయిదం?”

“నువ్వు సంతకం వెట్టిన కాయిదమే.”

రాయమల్లు తలపాగా మడతలోంచి నకలు తీసి ఇచ్చాడు. సాంబయ్య చేనులో నిలబడి మొదటిసారి దాన్ని పూర్తిగా చదివాడు. మూడో వరుసలోనే దస్త్‌బర్దారీ అనే మాట ఉంది. హక్కు వదులుకోవడం. తొమ్మిదెకరాల మీద తనకు, తన వారసులకు ఏ హక్కూ లేదని, ఆ భూమి అడెపు రాయమల్లుకు చెందుతుందని సిడాం సక్కుబాయి ఇష్టపూర్వకంగా రాసిచ్చినట్టు ఉంది. కింద ఆమె వేలిముద్ర. దాని పక్కన తన సంతకం, ఎప్పటిలాగే వంకర లేకుండా, అందంగా.

“ఎందుకు చేసినవే అన్నా?”

రాయమల్లు ఎడ్ల వీపు నిమిరాడు.

“నువ్వు నెల జీతగాడివి. నీకు ఎర్కలేదు. ఇంట్ల పొయ్యి మీద కుండ వెట్టి నీళ్ళు మరగవెట్టింది మీ వదిన, పోరలు చూసి ఏదో వండుతుందనుకోవాలని. నాకు మల్ల గా దినాలు రావద్దు.” ఎడ్ల పగ్గం సవరించుకున్నాడు. “అయినా నువ్వు రాసే రాజు ఏం చేసిండు తమ్మీ? నది దాటి వొయ్యి ఊరు కట్టుకున్నడు. నువ్వు మంచిదనే రాసినవు. నేను విన్న గద.”

సాంబయ్య వెనక్కి తిరిగాడు. నకలు చేతిలో పట్టుకుని సక్కుబాయి ఇంటికి వచ్చాడు. ఆమె గడప మీద కూర్చుని ఉంది. కాగితంలో ఉన్నదంతా ఒక్క మాట వదలకుండా తెలుగులో చదివి చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు.

“గురుజీ, ఇది నువ్వు అప్పుడు సదివినవా?”

“సదువలేదవ్వా.”

“నేను నీ దస్తకత్ జూసి ఏలు వెట్టిన.”

ఆ మధ్యాహ్నం కూడా ఆమె అతనికి అన్నం పెట్టింది. సాంబయ్య ముద్ద నోట్లో పెట్టుకోలేక, పారెయ్యడానికీ మనసు రాక, చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.

మరుసటి రోజే తాలూకా కచేరీకి నడిచి పోయాడు. తాను చదవకుండా సాక్షి సంతకం పెట్టానని, ముసలామెకు కాగితం ఎవరూ చదివి చెప్పలేదని, అది పాలు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించుకున్నారని సొంత చేతితో రాసి ఇచ్చాడు. విచారణ ఆగస్టులో పడింది. ఆ సంగతి సిరిసిల్ల దాకా పోయింది. విచారణ రోజున కచేరీ వరండాలో సాంబయ్యకు తల్లి బాలవ్వ కనపడింది. రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి.

“ఒక్క మాట అను బిడ్డా” అన్నది ఆమె. “గా ముసలామెకు సదివి చెప్పిన అను. గంతే. మల్ల నిన్నేం అడగ.”

“అది అబద్ధం అవ్వా.”

“వాడు మగ్గం గుంతల కూసోని నీ ఫీజులు కట్టిండు. వాడు సదువుకోలే. నిన్ను సదివిచ్చిండు. గది అబద్ధమా?”

“కాదు.”

“మరి?”

సాంబయ్య తల్లి పాదాలు ముట్టుకున్నాడు. ఆమె వెనక్కి లాక్కుంది. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

తహసీల్దార్ కాగితం తిప్పి చూసి అడిగాడు. “సంతకం మీదేనా?”

“నాదే.”

“ఉర్దూ వచ్చు గద మీకు?”

“వచ్చు.”

“ఒక పంతులు చదవకుండా సంతకం పెట్టిండని నేను రాసుకుంటే మీ నౌకరీ ఏమైతదో తెలుసా?”

“తెలుసు. రాసుకోండి.”

రాయమల్లు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడి వైపు చూడలేదు. సక్కుబాయి నేల మీద కూర్చుని, వెదురు గొట్టాన్ని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుంది. బాలవ్వ తీర్పు కోసం ఆగలేదు. తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది.

విచారణ ఒక రోజుతో తేలలేదు. ఈలోగా హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఫైలు ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి తిరిగింది. 1957 అక్టోబరులో తీర్పు వచ్చింది. దస్త్‌బర్దారీ చెల్లదన్నారు. కానీ వాగు పక్క మూడెకరాలను రాయమల్లు అప్పటికే ఒక వ్యాపారికి రాసిచ్చాడు. ఆ వ్యాపారి పెద్ద వకీలును పెట్టుకున్నాడు. ఆ మూడెకరాలు సక్కుబాయికి మళ్ళీ రాలేదు. ఆరెకరాలు వచ్చాయి. సాంబయ్యకు మందలింపు రాసి మంచిర్యాల దగ్గరి బడికి బదిలీ చేశారు. రాయమల్లు గుడిసె వాసాలు కూడా విప్పుకోకుండా, భార్యాపిల్లలతో బొంబాయి దగ్గరి భివండీకి, మరమగ్గాల పనికి పోయాడు. పోయేటప్పుడు బడి ముందు నుంచే నడిచాడు. ఆగలేదు.

మద్దిగూడలో చివరి ఆదివారం సాంబయ్య రాతప్రతి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. విచారణ మొదలైనప్పటి నుంచి ఒక్క వాక్యం రాయలేదు. సక్కుబాయి వచ్చి కూర్చుంది.

“రాజు కథ ఏడిదాక వచ్చింది గురుజీ?”

“ఆపేసిన. అవ్వా, నీకు ఒకటి చెప్పలే ఇన్ని దినాలు. నేను రాసింది జరిగింది గాదు. గా రాజు గెలువలే. పట్టువడ్డడు.”

“అట్లనా? మరి సంపిండ్రా?”

అప్పుడు అతను ఉర్దూ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గెతులంతా గుమిగూడి రాజును చంపాలన్నారు. గెతుల రాజు వద్దని ఒప్పించాడు. బందీలను విందుకు కూర్చోబెట్టాడు. లిసిమాకుడికి అతని సొంత వెండి పళ్ళాల్లో మంచి భోజనం పెట్టించి, తమవాళ్ళకు కర్ర పళ్ళాల్లో ముతక తిండి పెట్టించాడు. ఇంత బతుకు వదిలి మా పేద నేల మీదికి ఎందుకు వచ్చావని అడిగాడు. తరువాత విడిచిపెట్టాడు. లిసిమాకుడు నది అవతలి నేల తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

సక్కుబాయి అడిగింది.

“మల్ల రాలేదా?”

“గా ఏరు దాటి మల్ల వచ్చినట్టు పుస్తకంల లేదు.”

“మరి గిదే మంచిగున్నది గద. నువ్వెందుకు మార్సినవు?”

సాంబయ్య చెప్పాలని చూశాడు. రాజ్యం, బాటలు, పాలరాతి మెట్లు. చివరికి రాతప్రతి మూసేశాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి లేచి, ఎడ్లను నీళ్ళకు తోలుకుపోయింది.

ఆ పుస్తకాన్ని అతను చింపలేదు, పూర్తీ చెయ్యలేదు. మంచిర్యాల దగ్గరి బడిలో పదేళ్ళ పాటు పిల్లలకు చరిత్ర చెప్పాడు. ఏ యుద్ధం చెప్పినా, గెలిచినవాళ్ళు వచ్చేనాటికి ఆ నేల ఎవరు దున్నుతున్నారో కనుక్కుని చెప్పడానికి చూసేవాడు. చాలాసార్లు పుస్తకాల్లో దొరికేది కాదు. దొరకలేదని కూడా పిల్లలకు చెప్పేవాడు. బాలవ్వ అతనితో మాట్లాడకుండానే 1961లో పోయింది. పాడె మోసేటప్పుడు అన్నదమ్ములిద్దరూ ముందు కొమ్ములు పట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సక్కుబాయి ఆ తరువాతి ఏడాది పోయిందని మంకుబాయి కబురు పంపింది.

1966 మాఘమాసంలో వదిన యాదవ్వ రాయించిన కార్డు వచ్చింది. రాయమల్లు భివండీ నుంచి సిరిసిల్లకు తిరిగి వచ్చాడని, ఊపిరి ఆడడం లేదని, చూసిపోతే బాగుంటుందని ఉంది. సాంబయ్య ఆ రోజే బయలుదేరాడు.

ఇంటి ముందు నులక మంచం మీద అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వయసు యాభై కూడా నిండలేదు, కానీ జుట్టంతా తెల్లబడింది. సాంబయ్య దగ్గరికి పోయి మెల్లగా “అన్నా” అన్నాడు. రాయమల్లు కదలలేదు. యాదవ్వ లోపలి నుంచి వచ్చి చెప్పింది.

“మెల్లగ అంటే ఇనవడదు మర్దీ. తొమ్మిదేండ్లు కరెంటు మగ్గాల నడుమ ఉన్నడు. చెవులు వొయినయి. అరిసి చెప్పాలె.”

దారి పొడుగునా సాంబయ్య ఒక మాట కూడగట్టుకుని వచ్చాడు. అది తలుపు వేసుకుని, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలనుకున్న మాట. వాడకట్టులో ఆడవాళ్ళు వాకిళ్ళలో కూర్చుని నూలు చుడుతున్నారు. ఎదురింటి మగ్గం ఆగింది. సాంబయ్య అన్న చెవి దగ్గర వంగి, వీధంతా వినేలా అరిచాడు.

“అన్నా, నీ తిండి తిని సదువుకున్న. నీ మీదనే సాచ్చెం చెప్పిన. మల్ల గదే దినం వచ్చినా గదే చెప్త. కానీ నిన్ను ఒక్కనాడు మర్సిపోలే.”

రాయమల్లు తమ్ముడి పెదవులను చూస్తూ విన్నాడు. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

“గా మద్దిగూడ అవ్వ ఉన్నదా?”

సాంబయ్య లేదన్నట్టు తల ఊపాడు.

“మరి చేను?”

“కోడలు దున్నుతున్నది” అని అరిచాడు సాంబయ్య.

“నాగలి వట్టుడు నాకు ఆమెనే నేర్పింది” అన్నాడు రాయమల్లు. చెవులు వినపడని మనిషి కనుక తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియలేదు. వాకిళ్ళలో ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. “నేను తప్పు చేసిన తమ్మీ. ఆకలి ఉండె. కానీ గా మూడెకరాలు అమ్మినప్పుడు ఆకలి లేకుండె.”

అని, మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. సాంబయ్య చెప్పులు విడిచి అన్న పక్కన కూర్చున్నాడు. ఎదురింట్లో మగ్గం మళ్ళీ మొదలైంది.